నిండు నూరేళ్లు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితము

మన అధ్యక్ష మండలము నూరేళ్ల పండుగ సంచికకు ఏదైనా ఒక వ్యాసము రాసి ఇవ్వవలసిందని అయ్యగారు కోరినప్పుడు, నూరేళ్లు అన్న మాట దగ్గరే నా ఆలోచన నిలిచిపోయింది. సంఘానికి నూరేళ్లు నిండితే తోరణాలు కడతాము, కృతజ్ఞతార్పణలు చెల్లిస్తాము. మనిషికి నూరేళ్లంటే మాత్రం దీవించేటప్పుడు పలికే మాటే తప్ప నిజంగా ఎవరూ కోరుకోరు. ఆదివారం ఆరాధన ముగిశాక వేపచెట్టు నీడన నిలబడి మాట్లాడుకునే మా ఈడు వాళ్లను చూడండి. ఒకరికి చక్కెర, ఒకరికి రక్తపోటు, ఇంకొకరికి మోకాళ్లు. ఇక్కడికి కూతవేటు దూరాన ఉన్న విమానాశ్రయము నుండి పిల్లలు ఎగిరిపోయారు, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ దిగుతారు. మందుల గురించి, నడక గురించి, కొత్తగా వచ్చిన యోగాసనాల తరగతుల గురించి ఎంతసేపైనా మాట్లాడతాము. చివరి దినాల మాట మాత్రం ఎవరమూ ఎత్తము. ఎత్తితే గొంతు పట్టుకుంటుంది గనుక.

ఈ భయానికి జవాబు చెప్పగల శక్తి నాకు లేదు. నూరేళ్లకు పైగా బ్రతికి, ఆ నూరేళ్లలో చివరి నలభై మూడేళ్లు ఉద్యోగపు ఊతకర్ర లేకుండా నడిచిన ఒక మనిషి చరిత్ర మాత్రం కొంత తెలుసు. ఆయన క్రైస్తవుడు కాడు. సంఘపు సంచికలో ఆయన కథ ఎందుకని పెద్దలు అడగవచ్చు. మనము త్రాగిన నీళ్లకు ఆయన కారకుడు. శంషాబాదు పేరు ఆయన రాసిన లెక్కల్లో ఉంది. నీళ్లు మోసిన దాసుణ్ణి ఏ మతస్థుడని అడగకుండానే నీళ్లు త్రాగాము గదా!

1908 సెప్టెంబరు నెలాఖరున మన శంషాబాదులో ఒక్క దినములో 12.8 అంగుళాల వాన కురిసింది. రెండు దినాల లెక్క 18.9 అంగుళాలు. ఆ తుఫానులో నమోదైన వానల్లో అన్నిటికన్న పెద్దది ఇదే. ఇక్కడి నీరు ఈసీ వాగులో పడింది, ఈసీ మూసీలో పడింది. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతములో ఉన్న 788 చెరువుల్లో 221 చెరువులు తెగిపోయాయి. ఒక చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువుల మేలూ కీడూ రెండూ అందులోనే ఉన్నాయి. సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదు మీద పడినప్పుడు సుమారు 15,000 మంది చనిపోయారు. అఫ్జల్‌గంజు ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చెట్టు ఇంకా ఉంది.

ఆ 15,000 మందిలో ఉదయమే లేచి నడిచేవారు, మితంగా తినేవారు, నియమము తప్పనివారు ఎందరో ఉండి ఉంటారు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణముంది. నూరేళ్లు బ్రతికినవారి చరిత్ర రాసేవారు సాధారణంగా ఆ మనిషి అలవాట్లను ఒక్కొక్కటిగా చెప్పి, వీటిని పాటిస్తే మీకూ నూరేళ్లే అన్నట్లు ముగిస్తారు. అది నిజము కాదు. ఆయుష్షు కూలికి వచ్చే జీతము కాదు.

వరద తరువాత నిజాం ప్రభుత్వము ఒక ఇంజనీరు కోసము వెతికింది. ఆ ఇంజనీరు అప్పుడు ఇటలీ దేశములో ఉన్నాడు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఇంటిపేరును బట్టే తెలుస్తుంది, వారి పూర్వులది గిద్దలూరు వైపు ఉన్న మోక్షగుండం గ్రామము. ఎన్నో తరాల క్రితము మైసూరు సీమకు తరలిపోయారు. ఇంట్లో మాట తెలుగే. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురము దగ్గర ముద్దెనహళ్లిలో, సెప్టెంబరు 15న. సంవత్సరము 1860 అని కొందరు, 1861 అని కొందరు. 1861నే నేను తీసుకుంటున్నాను. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు పండితులు, కలవారు కారు. ఆయన కొడుకు బాల్యములోనే గతించారు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారు చదివించారు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకున్నాడు. 1881లో బి.ఏ., ఆ తరువాత పూనాలో ఇంజనీరింగు. 1883లో ఆ పరీక్షలో మొదటివాడుగా నిలిచి 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో చేరాడు.

ఆ ఉద్యోగపు విశేషాలన్నీ చెబితే ఈ సంచిక చాలదు. సింధులోని సుక్కూరుకు మంచినీళ్లు, ఏడెను రేవుకు నీటి సరఫరా, పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు. ఈ తలుపుల సంగతి మాత్రం కొంచెము చెప్పాలి. జలాశయములో నీటిమట్టము ఒక హద్దుకు చేరగానే మనిషి చెయ్యి అవసరము లేకుండా అవి తెరుచుకుంటాయి. ఎక్కువైన నీళ్లు పోగానే మళ్లీ మూసుకుంటాయి. అడ్డకట్ట ఎత్తు పెంచకుండానే అదనంగా నీరు నిలవ చేయడము దీనివలన సాధ్యపడింది. ఈ తలుపుల హక్కు పత్రము ఆయన పేరనే ఉంది. ఎక్కువైనదాన్ని సమయానికి వదిలిపెట్టడము ఆయనకు అప్పటికే తెలుసు.

1908లో, ఇంకా యాభై ఏళ్లు నిండకముందే, ఆయన బొంబాయి ఉద్యోగము వదిలేశాడు. ఎంత పనిచేసినా పై మెట్టు తెల్లవారికే అని తెలిసిన తరువాత ఆ మెట్టు కింద కూర్చుని ఎదురుచూడడము ఆయన స్వభావము కాదు. తగవు లేదు, ఫిర్యాదు లేదు. పింఛను తీసుకుని దేశాలు చూడడానికి వెళ్లాడు. హైదరాబాదు నుండి పిలుపు అందింది ఆ ప్రయాణములోనే. అయినా చూడవలసినవి చూసి, నేర్చుకోవలసినవి నేర్చుకుని, 1909 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చి పనిలో చేరాడు.

సుమారు ఏడు నెలలు మన ప్రాంతములో ఉన్నాడు. ప్రతి వాగునూ, తెగిన ప్రతి గట్టునూ లెక్క కట్టారు. వరద ఉధృతముగా ఉన్న వేళ నగరము మీదుగా పారిన నీరు సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని తేల్చాడు. 1909 అక్టోబరులో నివేదిక ఇచ్చాడు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టాలన్నాడు. నీటిపారుదల శాఖలో నాలుగు దినాలు పనిచేసినవాడిగా ఒక మాట చెబుతాను. సాధారణంగా జలాశయము కట్టేవాడు ఎంత నిండితే అంత లాభమని చూస్తాడు. వరద కోసము కట్టే జలాశయములో ఖాళీ ముఖ్యము. రాబోయే వరదకు చోటు మిగిల్చి ఉంచాలి. వచ్చినదాన్ని పట్టుకుని, కింద నది భరించగలిగినంత మేరకే వదలాలి. నిండుగా ఉన్న చెరువు వరదను ఆపలేదు. అదే 1908లో 221 చెరువులకు జరిగింది.

నివేదిక చేతికి ఇచ్చి, మరుసటి నెలలో మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయాడు. జలాశయాలను ఆయన కట్టలేదు. ఇతర ఇంజనీర్లు, వేలాది కూలి జనము కట్టారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మెదకులో పోస్నెట్ దొరగారు కట్టించిన మహాదేవాలయము 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ అయింది గనుక, మన పెద్దలు కొందరు ఒకవైపు ఆలయపు రాళ్లు, ఇంకొకవైపు ఆనకట్ట రాళ్లు మోసిన తరమువారన్నమాట. తన పేరు చెక్కించుకునేదాకా ఉండి చూడాలన్న ఆశ విశ్వేశ్వరయ్య గారిలో కనిపించదు. లెక్క సరిగా కట్టి ఇవ్వడము తన పని, ఆ తరువాతది మరొకరి పని. ఆ తరువాత మురుగునీటి పథకము మీద సలహాకు హైదరాబాదు మళ్లీ పిలిచినప్పుడు మళ్లీ వచ్చాడు, చెప్పవలసినది చెప్పి వెళ్లాడు.

మైసూరులో ఆయన చేసినవి అందరికీ తెలిసినవే. 1911లో కృష్ణరాజ సాగరము మొదలైంది. 1912 నుండి 1918 దాకా దివానుగా ఉన్నాడు. మైసూరు బ్యాంకు 1913లో, కన్నడ సాహిత్య పరిషత్తు 1915లో, మైసూరు విశ్వవిద్యాలయము 1916లో వచ్చాయి. దివాను పదవి అంగీకరించే ముందు బంధువులను పిలిచి, తన ద్వారా ఏ సిఫారసూ ఆశించమని వారిచేత మాట తీసుకున్నాడని చెబుతారు.

పదవి వదిలిన కారణము కూడా దాచకుండా చెప్పాలి. వెనుకబడిన కులాలవారికి ఉద్యోగాలలో తగిన స్థానము కల్పించే విషయము పరిశీలించడానికి మహారాజు 1918లో మిల్లరు కమిటీని వేశారు. ప్రతిభ ఒక్కటే కొలత కావాలని విశ్వేశ్వరయ్య గారి పట్టు. అది నచ్చక రాజీనామా చేశాడు. ఇందులో ఆయనతో ఏకీభవించడము నాకు కష్టము. బడి గడప తొక్కనివ్వని కాలములో మన తాతలకు అక్షరాలు దిద్దించినవి మిషను పాఠశాలలు. చోటు ఇవ్వకుండా ప్రతిభ చూపమనడము న్యాయము కాదని మన సంఘాల చరిత్రే సాక్ష్యమిస్తుంది. గొప్పవారి తప్పును కూడా గౌరవముగానే చెప్పవచ్చు. అయితే రాజీనామా చేసిన తీరు మాత్రం చూడదగినది. మహారాజు మీద ద్వేషము పెట్టుకోలేదు, సంస్థానానికి దూరము కాలేదు. భద్రావతి ఇనుప కర్మాగారము నష్టాలలో మునిగితే 1923లో మళ్లీ పిలిచారు. వెళ్లి 1929 దాకా దాన్ని నిలబెట్టాడు. తనకు రావలసిన సొమ్మును బెంగుళూరులో యువకులకు చేతిపనులు నేర్పే విద్యాలయానికి ఇచ్చి, దానికి మహారాజు పేరు పెట్టించాడు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. దివాను పదవి దిగేనాటికి ఆయనకు యాభై ఏడు. మనలో చాలామంది దస్త్రాలు అప్పగించి, శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చే వయసు. మరునాడు ఉదయము లేచాక ఎక్కడికి వెళ్లాలో తెలియని ఆ ఖాళీ నాకు తెలుసు. చాలామందికి రోగము మొదలయ్యేది అక్కడే. విశ్వేశ్వరయ్య గారి ఇంట్లో ఆ ఖాళీని నింపడానికి మనుషులు కూడా లేరు. భార్యా వియోగము చిన్న వయసులోనే కలిగింది. సంతానము లేదు. మన కొలతతో చూస్తే ఒంటరివాడు.

ఆయన చేసిన మొదటి పని తన దినానికి గోడలు కట్టడము. లేచే వేళ, తినే వేళ, పనిచేసే వేళ, నడిచే వేళ, పడుకునే వేళ అన్నీ నిర్ణయము. చూడవచ్చినవారు అయిదు నిమిషాలు ముందు వచ్చినా, అయిదు నిమిషాలు ఆలస్యమైనా ఇబ్బందిపడేవారట. భోజనము మితము. మద్యము, పొగాకు దరి చేరనివ్వలేదు. సాయంకాలపు నడక ఏ ఊళ్లో ఉన్నా తప్పేది కాదు. ఇంట్లో ఉన్నా జరీ అంచు మైసూరు తలపాగా, కోటు, టై. తొంభై దాటిన తరువాత కూడా అలాగే తయారై కూర్చునేవారు. దీన్ని కొందరు ఆడంబరమనుకున్నారు. నాకు అలా అనిపించదు. ముసలితనములో మొదట జారిపోయేది బట్టల మీద శ్రద్ధే. మాసిన పంచెతో, గడ్డము గీసుకోకుండా వరండాలో కూర్చున్న మనిషిని ఇంట్లోవారు కూడా క్రమంగా సామానుతో పాటు లెక్కవేస్తారు. తన శరీరాన్ని తానే ముందుగా అలా లెక్కవేయకూడదని ఆయన పట్టుదల.

ఇంకొక మాట. ఆయన శరీరాన్ని పూజించలేదు. కండలు పెంచలేదు. ఆనకట్ట మీద పనిచేసేవాడు తలుపులకు ఏటేటా నూనె పెట్టి, తుప్పు గీకి, రంగు వేస్తాడు. తలుపు అందము కోసము కాదు, వరద వచ్చిన రాత్రి అది కదలాలి గనుక. అలాగే ఆయనా తన దేహాన్ని పనికి సిద్ధముగా ఉంచాడు. ఈ రోజుల్లో మన యువకులే కాదు, మా ఈడువాళ్లు కూడా చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాలు కట్టుకుని తిరుగుతున్నారు. తప్పులేదు. ఆ అడుగులు ఎక్కడికి అని మాత్రం ఎవరూ అడగరు.

ఆయన అడుగులు ఎక్కడికో చూడండి. 1920లో, యాభై తొమ్మిదో ఏట, భారతదేశ పునర్నిర్మాణము మీద గ్రంథము. 1934లో, డెబ్బయి మూడో ఏట, దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని మరొక గ్రంథము. అప్పటికి ప్రణాళిక అన్న మాటే మన దేశములో కొత్త. 1941లో, ఎనభయ్యో ఏట, అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థ స్థాపన. 1946లో, యుద్ధము ముగిసిన మరుసటి ఏడాది, ఎనభై అయిదేళ్ల వయసులో పారిశ్రామికవేత్తల బృందాన్ని వెంటబెట్టుకుని అమెరికా ప్రయాణము. 1951లో, తొంభయ్యో ఏట, తన ఉద్యోగ జీవిత జ్ఞాపకాలు. 1952లో బీహారులో గంగానది మీద వంతెనకు చోటు నిర్ణయించే బాధ్యత అప్పగిస్తే, ఆ ఎండలో నది ఒడ్డున తిరిగి చూసి, మొకామా దగ్గర కట్టవచ్చునన్నాడు. రైలు కూడా నడిచే ఆ వంతెన ఆయన బ్రతికి ఉండగానే, 1959లో తయారైంది. 1955లో భారతరత్న ఇచ్చారు. బిరుదు తీసుకున్నందున ప్రభుత్వాన్ని పొగుడుతూ ఉండవలసి వస్తే మాత్రం తనకు వద్దని ముందే స్పష్టము చేసి మరీ తీసుకున్నాడు.

ఈ చివరి సంగతిలో ఆయన మనశ్శాంతికి తాళము దొరుకుతుందని నా ఊహ. ఏది వచ్చినా దానికి కట్టుబడిపోకుండా కొంత చోటు ఖాళీగా ఉంచుకున్నాడు. బొంబాయి ఉద్యోగము, హైదరాబాదు పని, దివానుగిరీ, భద్రావతి, అన్నిటినీ గట్టు తెగేదాకా పట్టుకోలేదు. పదవి, పేరు, సొమ్ము, పగ, వీటితో నిండా నిండిన మనసు మీద వార్ధక్యమనే వరద వచ్చి పడితే ఏమవుతుందో మా వేపచెట్టు కింద కూడా చూస్తూ ఉంటాము. పంపకాల తగవు ఒకరిది, పలకరించని కొడుకు మీద అలుక ఒకరిది, ఇరవై ఏళ్ల కిందటి సంఘ కమిటీ ఎన్నిక ఇంకా మరచిపోనిది ఒకరిది. ఈ చివరిదాని సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది నాదే. ఆ ఎన్నికలో ఓడినందుకు మూడేళ్లు ముందు వరుస బల్ల మీద కూర్చోలేదు. ఆ మూడేళ్లలో నాకు వచ్చిన రక్తపోటుకు ఇప్పటికీ మాత్రలు మింగుతున్నాను.

నీళ్ల ఇంజనీర్లలో దీర్ఘాయుష్మంతుడు ఈయన ఒక్కడే కాడు. గోదావరి ప్రాంతపు మన విశ్వాసులు కాటన్ దొరగారి పేరు ఎత్తకుండా ఈ వ్యాసము ముగిస్తే నన్ను క్షమించరు. సర్ ఆర్థర్ కాటన్ 1803లో పుట్టి 1899లో, తొంభై ఆరో ఏట కన్నుమూశారు. భక్తిగల క్రైస్తవుడు. ఆయన దేహము మాత్రం గట్టిది కాదు. ఈ దేశపు జ్వరాలు ఎన్నోసార్లు పడగొట్టాయి. ఆరోగ్యము కోసము ఆస్ట్రేలియా వైపు ఓడ ఎక్కవలసి వచ్చింది. 1847 నుండి 1852 దాకా ధవళేశ్వరము ఆనకట్ట కడుతూండగా కూడా మధ్యలో జబ్బుపడి పని మరొకరికి అప్పగించి వెళ్లి, కోలుకుని తిరిగి వచ్చారు. బలమైన దేహమే దీర్ఘాయువుకు మూలమన్న లెక్క ఆయన దగ్గర తప్పింది. 1876లో, డెబ్బయి మూడో ఏట, అరబ్బీ భాష నేర్చుకునేవారికి చిన్న వాచకము ప్రకటించారు. 1878లో, డెబ్బయి అయిదో ఏట, పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని దేశమంతటా కాలువలు తవ్వాలని వాదించారు. కమిటీ ఒప్పుకోలేదు. రైలు మార్గాలకే మొగ్గు చూపింది. జీవితమంతా నమ్మిన దానిని ఆ వయసులో పెద్దలు తోసిపుచ్చితే మనిషి మంచము పట్టాలి. ఆయన ఇంగ్లండులో డార్కింగు అనే ఊళ్లో తన తోటలో కొంత నేల తీసుకుని, లోతుగా తవ్వి గోధుమ వేస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో పరీక్షలు చేస్తూ కూర్చున్నారు. గోదావరి డెల్టా అంత నేలకు నీరు పారించిన చెయ్యి, పెరటి మడిలో గోధుమ కంకులు లెక్కపెట్టింది. చిన్న పని అని చిన్నబుచ్చుకోలేదు.

ఈ ఇద్దరిలో మనకు ఎవరు దగ్గర అంటే, విశ్వాసము చేత కాటన్ దొరగారే. ఆయనకు ప్రార్థన ఉంది, నిత్యజీవమందు నిరీక్షణ ఉంది, కూతురు ఉంది, తండ్రి జీవిత చరిత్ర రాసింది కూడా ఆమే. విశ్వేశ్వరయ్య గారి అంతరంగములో ఏ ప్రార్థన ఉండేదో నేను చెప్పలేను. పూజల గురించి, తీర్థయాత్రల గురించి ఆయనను ఎవరూ తలచుకోరు. ఆయన తన పనినే దేవుని ముందు ఉంచాడేమో. ఒక్క విషయములో మాత్రం ఆయన మార్గము మనకు సరిపోదని నా అభిప్రాయము. గడియారము తోడుగా ఒంటరిగా ముసలివాడు కావడానికి ఆయనంతటి ఉక్కు మనసు కావాలి. మనలో చాలామందికి అది లేదు. మనకు సంఘముంది. మంచము పట్టినవారి ఇంటికి స్త్రీల మైత్రివారు వెళ్లి కీర్తన పాడి వస్తారు. ఆదివారము కనబడకపోతే సోమవారము తలుపు తట్టేవాడు ఒకడుంటాడు. ఈ భాగ్యము ఆ మహనీయుడికి ఎంతవరకు దొరికిందో నాకు సందేహమే.

1960 సెప్టెంబరులో బెంగుళూరులో ఆయన నూరేళ్ల పండుగ జరిగింది. ప్రధాని నెహ్రూ గారు వచ్చారు. బ్రతికి ఉన్న మనిషి బొమ్మతో తపాలా బిళ్ల వేయడము అరుదైన గౌరవము. అది ఆయనకు దక్కింది. ఆ సరికి దేహము బాగా కుంగింది. నడక ఆగింది. ఏ నియమమూ ఆపలేనిది వచ్చింది, వచ్చినప్పుడు పెనుగులాట లేదు. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో శ్వాస విడిచాడు. పుట్టిన ముద్దెనహళ్లికే తీసుకువెళ్లి అంత్యక్రియలు చేశారు. ఆయన పుట్టిన చిన్న ఇల్లు, దానికి దగ్గరలోనే సమాధి. నూరేళ్లలో ఎన్నోసార్లు ప్రపంచము చుట్టిన మనిషి మొదలు చివరల మధ్య దూరము అంతే.

తొంభయ్యవ కీర్తనలో మోషే భక్తుడు మనిషి ఆయుష్షుకు వేసిన లెక్క డెబ్బయి, బలము ఉంటే ఎనభై. ఆ కీర్తన భూస్థాపన వేళ చదువుతాము గనుక దాన్ని మరణపు కీర్తన అనుకుంటాము. అందులో దినాలు లెక్కించుకోవడము నేర్పమన్న ప్రార్థన కూడా ఉంది, చేతిపనిని స్థిరపరచమన్న మనవితో అది ముగుస్తుంది. ఇంజనీరుగా నాకు ఆ చివరి మనవి మీదనే మమకారము ఎక్కువ. ఈ వ్యాసము రాస్తూ విశ్వేశ్వరయ్య గారి 1909 నాటి అంకెలు చూసినప్పుడల్లా అదే గుర్తుకు వచ్చింది.

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో తెరిచారు. మూసీ వరదకు సరిగ్గా నూరేళ్ల ఏడాది అది. ఆ సంగతి ఆ రోజు ఎవరైనా తలచుకున్నారో లేదో తెలియదు. అక్కడి నుండి ఉత్తరముగా వస్తే హిమాయత్ సాగర్ గట్టు. మోకాళ్లు అనుమతించిన సాయంకాలాలు నేనూ, వేపచెట్టు కింది మిత్రులు ఇద్దరూ ఆ వైపు వెళ్తాము. ముందు వరుస బల్ల నుండి నన్ను ఒకప్పుడు లేపిన ఎన్నికలో గెలిచిన ఆయన కూడా ఇప్పుడు మాతోనే నడుస్తున్నాడు. ఆయనకు చూపు తగ్గింది, నాకు వినికిడి తగ్గింది గనుక ఒకరికొకరము పనికివస్తున్నాము. 2020 అక్టోబరులో కుండపోత వానలు పడినప్పుడు హిమాయత్ సాగర్ తలుపులు ఎత్తారు. ఆ వారము నడక లేదు. వాన వెలిశాక వెళ్లి దూరము నుండి చూశాము. తలుపుల కింద నుండి నీళ్లు నురగలు కక్కుతూ ఈసీలోకి దిగుతున్నాయి. ఆయన కనబడక ఎన్ని తలుపులు ఎత్తారని అడిగాడు. నేను లెక్కపెట్టి చెప్పాను.